కెమెరా కంటే ముందు కాళ్లు

మొదటిసారి మట్టి రేసుకు కెమెరా పట్టుకెళ్లిన రోజు నాలుగు వందల పైచిలుకు ఫొటోలు తీశాను. రాత్రి సికింద్రాబాద్‌లో మా ఇంటికి వచ్చి, ముక్కులో ఎర్రమట్టి కూడా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మూడొంతులు దుమ్ము. మిగిలిన వాటిలో సగం, నా ముందు నిలబడ్డవాళ్ల తలకాయలు. ఒక్క ఫొటోలో మాత్రం బండి అద్దంలా కనిపించింది. తీరా చూస్తే అది పార్కింగ్‌లో నిలబెట్టిన బండి.

తప్పు లెన్సుదే అనుకున్నాను. కొత్తగా ఏ అభిరుచిలో దిగినా మనకు ముందు తోచేది అదే కదా! పెద్ద లెన్సు వాయిదాల మీద కొంటే నెలకెంత పడుతుందో లెక్క కూడా వేశాను. రెండో రేసుకు పాత లెన్సుతోనే వెళ్లి, మళ్లీ జనం ఎక్కడ గుమిగూడితే అక్కడే దూరాను. పందేల మధ్య విరామంలో ట్రాక్ తడిపే నీళ్ల ట్యాంకర్ వచ్చి నా పక్కనే ఆగింది. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు.

"మల్ల గాడ్నే నిలవడ్డరేంది సార్? గాలి మొత్తం మీ మొకం మీదికే కొడ్తుంది. ఆ టైర్ల కుప్ప అవుతలికి పోండ్రి. గాడ మట్టి జల్ది ఆరది."

వెళ్లాను. గంటలో అరవై ఫొటోలు తీశాను. అందులో పదకొండు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. కెమెరా అదే, లెన్సు అదే, తీసిన మనిషీ అదే. మారింది నిలబడ్డ చోటు ఒక్కటే.

ఆ డ్రైవర్ ఫొటోగ్రఫీ చదువుకోలేదు. పొద్దున్నుంచి ఆ నేల మీద ఎన్నోసార్లు తిరిగాడు. ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఎక్కడ పోసిన పది నిమిషాలకే ఆవిరైపోతాయో, దుమ్ము లేస్తే ఎటు కొట్టుకుపోతుందో ఆయనకు తెలుసు. మంచి చోటు దొరకడం అదృష్టమని అప్పటిదాకా అనుకునేవాణ్ని. అది తిరిగితే వచ్చే జ్ఞానమని ఆ రోజు తెలిసింది. ఈ అధ్యాయంలో చెప్పేదంతా ఆ తిరగడం గురించే.

సంచి విప్పకుండా ఒక చుట్టు

సికింద్రాబాద్‌లో ఫొటోలు తీసేవాళ్లకు ఒక పెద్ద పూర్వీకుడు ఉన్నాడు. లాలా దీన్ దయాళ్, తర్వాత రాజా దీన్ దయాళ్ అయినాయన. రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజినీరింగ్ చదువుకుని, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేస్తూ 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టాడు. అంటే మనలాంటి అమెచ్యూరే. 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. ఆయన తీసిన కోటలు, కవాతులు చూస్తే నాకు ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది: ఈ మనిషి కెమెరా నిలబెట్టే ముందు నేలను కొలిచాడు. కొలతలు, అంచనాలు, నక్షాలు ఆయన ఉద్యోగంలో భాగం మరి.

మీరూ అదే చేయండి. రేసు పది గంటలకైతే ఎనిమిదికల్లా అక్కడ ఉండండి. కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. ప్రేక్షకులను తిరగనిచ్చే మేరకు కంచె వెంబడి ట్రాక్ చుట్టూ ఒక పూర్తి చుట్టు నడవండి. జేబులో చిన్న కాగితం పెట్టుకుని ట్రాక్ ఆకారం గీయండి. బొమ్మ బాగా రానక్కర్లేదు, మీకు అర్థమైతే చాలు. దాని మీద ఐదు గుర్తులు పెట్టండి: తూర్పు ఎటు, గాలి ఎటు నుంచి, మలుపులు ఎక్కడ, దిబ్బలు ఎక్కడ, వెనక చెత్తగా కనబడేవి ఎక్కడ. చెత్త అంటే జనరేటర్, మొబైల్ టాయిలెట్లు, పార్క్ చేసిన కార్లు, పదహారు రంగుల ఫ్లెక్సీ. బండి ఎంత బాగా వచ్చినా దాని తల మీదుగా ఫ్లెక్సీలోని దొరవారి మొహం నవ్వుతుంటే ఫొటో పోయినట్టే.

ఏ రకం రేసు చూస్తున్నారో కూడా ముందే తెలుసుకోవాలి. చదును చేసిన మట్టి మీద మలుపులు తిరుగుతూ పోయేది డర్ట్ ట్రాక్. సహజమైన ఎత్తుపల్లాల మీద జరిగేది మోటోక్రాస్. స్టేడియంలోకి లారీలతో మట్టి తోలి, దిబ్బలు కట్టి, బండ్లను గాల్లోకి లేపేది సూపర్‌క్రాస్. 2025 డిసెంబర్‌లో ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ గచ్చిబౌలి స్టేడియానికి వచ్చినప్పుడు మన జంటనగరాల వాళ్లు చూసింది ఈ మూడో రకమే. డర్ట్ ట్రాక్‌లో మీ పంట మలుపుల దగ్గర, సూపర్‌క్రాస్‌లో దిబ్బల దగ్గర.

గాలి ఒక మాట, ఎండ ఒక మాట

జింఖానా మైదానంలో క్రికెట్ ఆడే పిల్లలు బౌలింగ్‌కు ముందు రెండు గడ్డిపోచలు పీకి గాల్లోకి వదలడం చూసే ఉంటారు. మీరు చిటికెడు మట్టి వదలండి. అది ఎటు పోతే దుమ్మూ అటే పోతుంది. కాబట్టి గాలి వచ్చే వైపు మీరు, గాలి పోయే వైపు ట్రాక్ ఉండాలి. ట్యాంకర్ డ్రైవర్ నాకు చెప్పింది ఇంతే.

దీనికి ఎండ తోడైతే లెక్క కొంచెం చిక్కుపడుతుంది. మన ఊళ్లో చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది. పొద్దున పూట సూర్యుడూ తూర్పు వైపే. అందుకని డిసెంబర్ ఉదయం ట్రాక్‌కు తూర్పున నిలబడితే గాలీ ఎండా రెండూ మీ వీపు వెనకే. దుమ్ము అవతలికి పోతుంది, వెలుతురు రైడర్ మీద పడుతుంది. అమెచ్యూర్‌కు ఇంతకంటే సులువైన వేళ లేదు.

సాయంత్రమయ్యేసరికి ఆ ఇద్దరికీ పడదు. గాలి తూర్పునే నిలబడమంటుంది, ఎండ పడమరకు రమ్మంటుంది. పడమరకు వెళితే వెలుతురు బాగుంటుంది గానీ దుమ్మంతా మీదే. ఇక్కడ చాలామంది ఎండ మాట విని దుమ్ము తింటారు. నేను తూర్పునే ఉండిపోయి, ఎదురెండను వాడుకోమంటాను. కుంగుతున్న సూర్యుడు దుమ్ము వెనక నుంచి వచ్చినప్పుడు అదే దుమ్ము బంగారు పొడిలా వెలుగుతుంది. రైడర్ నల్లటి నీడబొమ్మలా తేలతాడు. మొహం కనబడదు, ఫర్వాలేదు. హెల్మెట్ వెనక ఎలాగూ కనబడదు. డిసెంబర్‌లో మనకు ఐదూ నలభై దాటగానే పొద్దు కుంకుతుంది. కాబట్టి ఆ వెలుతురు కావాలంటే నాలుగున్నరకల్లా చోటు పట్టుకుని ఉండాలి.

నైరుతి రుతుపవనాల రోజుల్లో గాలి పడమటి వైపు నుంచి వీస్తుంది. అప్పుడు సాయంత్రం పడమట నిలబడితే రెండూ కలిసొస్తాయి. పైగా మట్టి తడిగా ఉంటుంది గనుక దుమ్ముకు బదులు బురద జల్లు లేస్తుంది. ఒక్కో చుక్కా విడిగా కనబడే ఫొటోలు ఆ రోజుల్లోనే వస్తాయి.

మిట్టమధ్యాహ్నం మాత్రం ఎవరికీ కలిసిరాదు. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువు కర్రకు నీడే పడదు. ఆ నెలల్లో పన్నెండింటికి హెల్మెట్ అంచు కింద కళ్లు గుంటల్లా నల్లబడతాయి. ఆ గంటలు ట్రాక్‌ను వదిలేసి మెకానిక్‌లు కూర్చునే టెంట్ల కిందికి రండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఐదు చోట్లు

ఏ మట్టి రేసులోనైనా ఐదు చోట్లు చూసుకుంటే చాలు. రోజంతా ఐదింటి మధ్యా పరుగెత్తకండి. ఒక్కో పందేనికి ఒక చోటు, మహా అయితే రెండు, ముందే ఎంచుకుని వాటికే కట్టుబడండి.

మొదటిది స్టార్ట్ తర్వాత వచ్చే తొలి మలుపు. పందెం మొత్తంలో బండ్లన్నీ ఒకే గుంపుగా కనబడేది ఇక్కడ ఒక్కసారే. ఆ తర్వాత చెల్లాచెదురైపోతాయి. స్టార్ట్ గీత పక్కన నిలబడితే వరుసగా నిలిచిన బండ్లు వస్తాయి గానీ, పోటీ రాదు. తొలి మలుపు దాటాక వచ్చే దారి పక్కన, కంచెకు వెనగ్గా, కాస్త ఎత్తున నిలబడితే పదిమంది ఒకే సందులోకి దూరే తోపులాట మొత్తం చిక్కుతుంది. మీ చేతిలో ఉన్నది పదిహేను సెకన్లే. తొలి చుట్టు అయిపోగానే ఈ చోటికి విలువ పోతుంది.

రెండోది మలుపు. బండి మలుపులోకి వచ్చేటప్పుడు రైడర్ లోపలి కాలు చాచి, తల వంచి, మలుపు చివర ఎక్కడుందో దాని వైపే చూస్తాడు. ఆ చూపు మీ కెమెరా వైపు ఉండాలంటే మలుపు దాటాక వచ్చే తిన్నటి దారి పక్కన, ముందుకు నిలబడాలి. మలుపు మధ్యలో నిలబడితే వచ్చేది చక్రం, మోకాలు. మలుపు దాటిపోయాక వెనక నుంచి తీస్తే వచ్చేది వీపు మీది నంబరు, మీ లెన్సు మీద మట్టి. వెనక చక్రం చిమ్మే మట్టి ఎప్పుడూ వెనక్కి, బయటి వైపుకి పడుతుందని గుర్తుంచుకోండి.

మూడోది దిబ్బ. కొత్తవాళ్లందరూ దిబ్బ పక్కన చేరి, బండి లేచే చోటే తీస్తారు. లేచేటప్పుడు బండి ఇంకా నేలకు అతుక్కునే ఉంటుంది. గాల్లో బాగా పైకి చేరిన క్షణాన ఒక్క రెప్పపాటు ఆగినట్టు కనిపిస్తుంది. అది తీయడం సులువు, చూడ్డానికి గొప్ప. అందుకే దిబ్బకూ, దిగే చోటుకూ మధ్య, పక్కగా చోటు చూసుకోండి. గొంతుక్కూర్చోండి. కెమెరా కింది నుంచి పైకి చూస్తే వెనక ఫ్లెక్సీలు, తలకాయలు, పార్కింగ్ అన్నీ మాయమై ఆకాశం ఒక్కటే మిగులుతుంది. ఒక హెచ్చరిక: మొత్తం ఆకాశమే పెడితే బండి ఎంత ఎత్తు లేచిందో తెలియదు. కింద మూల దిబ్బ కొసైనా, కంచె పైనున్న నాలుగు తలలైనా కొంచెం కనబడనివ్వండి. ఎత్తుకు కొలత అదే.

నాలుగోది వరుస గుట్టలు. సూపర్‌క్రాస్‌లో చిన్నచిన్న మిట్టలు వరుసగా కట్టి వాటిని వూప్స్ అంటారు. వాటి మీద బండి ఊగిపోతుంది, రైడర్ చేతులు బిగుసుకుంటాయి. అలసిపోయినవాడు ఇక్కడే బయటపడతాడు. అందుకని చివరి మూడు చుట్లకు ఇక్కడికి రండి. మొదటి చుట్టులో ఇక్కడ కనబడేది నైపుణ్యం, చివరి చుట్టులో కనబడేది కష్టం. ఫొటోకు రెండోదే రుచి.

ఐదోది, అందరూ వదిలేసేది, రైడర్లు బండ్లు సర్దుకునే ప్యాడాక్. లోపలికి రానిస్తేనే వెళ్లండి, అడిగి తీయండి. టెంట్ గుడ్డలోంచి వడగట్టిన మధ్యాహ్నపు వెలుతురు మొహాల మీద మెత్తగా పడుతుంది. చైన్ బిగిస్తున్న తండ్రి, గ్లవ్స్‌లోకి వేళ్లు దూర్చుకుంటూ పెదాలు కదుపుతున్న కుర్రాడు, ఓడిపోయి హెల్మెట్ తీయకుండా కూర్చున్నవాడు కనబడతారు. ట్రాక్ మీద వేగం దొరుకుతుంది, మనుషులు దొరికేది ఇక్కడే. చిన్నపిల్లల పోటీలుంటే, తల్లిదండ్రులను అడగకుండా ఆ పిల్లల ఫొటోలు తీయొద్దు, ఎక్కడా పెట్టొద్దు.

బండి వెంట పడకండి, దారి కాయండి

1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని ఒక గుర్రాల ట్రాక్ మీద ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని ఫొటోల్లో పట్టాడు. ఆయన కెమెరాలు గుర్రం వెంట కదల్లేదు. ట్రాక్ పక్కన వరుసగా నిలబెట్టి, అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం వచ్చి తానే దారాన్ని తెంపి, తన ఫొటో తాను తీయించుకుంది. వేగాన్ని పట్టడంలో తొలి పాఠం అది.

మీరు చేయాల్సిందీ అదే. మలుపు దగ్గర బండ్లన్నీ ఒకే గాడిలో పోతుంటాయి. రెండు చుట్లు చూస్తే ఆ గాడి మట్టిలో నల్లటి గీతలా తెలుస్తుంది. ఆ గీత మీద ఒక రాయినో, మట్టి గడ్డనో ఎంచుకుని ముందే దాని మీద ఫోకస్ పెట్టి వదిలేయండి. బండి అక్కడికి చేరడానికి కాస్త ముందే మీట నొక్కడం మొదలుపెట్టండి. బండి కనబడ్డాక ఫోకస్ వెతుక్కుంటే అది దొరికేసరికి బండి పోయి ఉంటుంది.

షట్టర్ వేగం ఎంత పెట్టాలన్నది గుడ్డిగా బట్టీ పట్టక్కర్లేదు, లెక్క వేసుకోవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరుచుకుంటే ఆలోగా బండి కదిలేది రెండు సెంటీమీటర్ల లోపే. గాల్లో బండి అద్దంలా నిలుస్తుంది. అదే అరవయ్యో వంతు తెరిస్తే బండి 28 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే కాస్త ఎక్కువ, జరిగిపోతుంది. కెమెరా కదలకుండా ఉంటే ఫొటో చెదిరిపోతుంది. కెమెరాను బండితో పాటు అంతే వేగంతో తిప్పితే మాత్రం బండి నిలిచి, వెనకున్న లోకం గీతలుగా సాగిపోతుంది. దీన్నే ప్యానింగ్ అంటారు. దిబ్బ దగ్గర వెయ్యో వంతు, తిన్నటి దారిలో 125వ వంతుతో మొదలుపెట్టి చేయి కుదిరేకొద్దీ 60 దాకా దిగండి. పాదాలు బండి మాయమయ్యే దిక్కుకు పెట్టి, నడుము పైభాగాన్ని బండి వచ్చే దిక్కుకు తిప్పి నిలబడండి. బండితో పాటు నడుము విప్పుకుంటూ రావాలి. తాడు మెలిక విడినట్టు ఉంటుంది.

ఫోన్‌తో తీసేవాళ్లకు ఒక మాట. ఫ్రాన్సులో జాక్ ఆంరి లార్తీగ్ అనే కుర్రాడు, ఇరవై ఏళ్లు కూడా నిండకముందు, కారు రేసు తీశాడు. ఆ ఫొటోలో చక్రం గుండ్రంగా ఉండదు, ముందుకు వాలిన గుడ్డులా ఉంటుంది. వెనకున్న జనం ఎదురు దిక్కుకు వాలిపోతారు. ఆ కెమెరా షట్టర్ ఫొటోను ఒక్కసారిగా కాకుండా చారలు చారలుగా తీసింది, ఆలోగా కారూ జరిగింది, కెమెరా కూడా తిరిగింది. మొదట పనికిరాదనుకున్న ఆ ఫొటో తర్వాత ప్రపంచ ప్రసిద్ధమైంది. మీ ఫోన్ సెన్సార్ కూడా చారలు చారలుగానే చదువుతుంది. కాబట్టి ఫోన్‌తో మరీ దగ్గరగా దూసుకుపోయే బండిని అడ్డంగా తీయకండి. మీ వైపుకే వచ్చే బండిని, లేదా గాల్లో ఆగినట్టు కనబడే బండిని తీయండి. తెరను వేళ్లతో సాగదీసే జూమ్ జోలికి పోకుండా, ఫోన్‌లో విడిగా ఇచ్చిన టెలిఫొటో లెన్సు ఉంటే దాన్నే వాడండి.

కంచె, టికెట్, డ్రోన్

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తినప్పుడు ప్రేక్షకులకూ కార్లకూ మధ్య అంతటా ఎత్తయిన ఇనుప వల. మట్టి రేసులో కంచె అంత గట్టిది కాకపోయినా వల తప్పదు. భయపడకండి. లెన్సు మూతికి బిగించే హుడ్ తీసేసి, లెన్సును వలకు వీలైనంత దగ్గరగా ఆనించి, అపర్చర్ పూర్తిగా తెరవండి. బండి దూరంగా ఉన్నప్పుడు తీస్తే వల కరిగిపోయినట్టు కనబడకుండా పోతుంది. వల మీద ఎండ పడే చోట ఈ కిటుకు సరిగా పారదు. నీడలో ఉన్న వల ముక్క వెతుక్కోండి.

టికెట్ ఉన్న రేసైతే కొనేముందే నిబంధనలు చదవండి. లెన్సు మార్చుకునే కెమెరాలను లోపలికి రానివ్వని చోట్లు చాలా ఉన్నాయి. గేటు దగ్గర సెక్యూరిటీ అతనితో వాదించి ప్రయోజనం లేదు. స్టేడియంలో సీటు ఎంచుకునే అవకాశం ఉంటే మొదటి వరుస వద్దు, అక్కడ కంచె, లేచి నిలబడేవాళ్లు అడ్డం. పది పన్నెండు వరుసలు పైన, పెద్ద దిబ్బకు పక్కగా ఉండే సీటు మేలు.

డ్రోన్ సంగతి: సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఊరు. పక్కనే బేగంపేట విమానాశ్రయం, ఆవల హకీంపేట వైమానిక కేంద్రం. 2021 డ్రోన్ నియమాల ప్రకారం దేశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విడదీసి డిజిటల్ స్కై మ్యాపులో పెట్టారు. ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. మ్యాపు చూడకుండా డ్రోన్ బయటికి తీయకండి. అలాగే సైనిక స్థావరాల గోడలు, గేట్లు వెనక వచ్చేలా సాధన ఫొటోలు కూడా తీయొద్దు. "ఫొటోలు తీయరాదు" బోర్డు కనబడితే కెమెరా సంచిలోకి పోవాలి.

ఇంకో చిన్న జాగ్రత్త. మన ఎర్రమట్టిలో సన్నటి ఇసుక ఉంటుంది. లెన్సు మీద పడ్డ దుమ్మును చేతిరుమాలుతో తుడిస్తే గీతలే మిగులుతాయి. ముందు గాలి బుడ్డితో ఊది, తర్వాతే మెత్తటి గుడ్డ వాడండి. ట్రాక్ పక్కన లెన్సు మార్చకండి.

నిలబడకూడని చోటు

ఎంత మంచి ఫొటో వస్తుందన్నా ఒక చోట మాత్రం నిలబడకండి: తిన్నటి దారి చివర, మలుపుకు బయటి వైపు. అదుపు తప్పిన బండి మలుపు తిరగదు. అంతవరకూ ఏ దిక్కుకు పోతోందో ఆ దిక్కుకే నేరుగా వచ్చేస్తుంది. వడిసెల వదిలేస్తే రాయి పోయినట్టే. దిబ్బ దిగే చోటికి ఎదురుగా కూడా ఇదే ప్రమాదం. మీరు గీసుకున్న బొమ్మ మీద ప్రతి మలుపు దగ్గరా ఆ నేరు గీతను పొడిగించి చూడండి. గీత పోయి తగిలే చోటల్లా ఇంటూ గుర్తు పెట్టండి.

1986లో పోర్చుగల్ ర్యాలీలో జనం ఫొటోల కోసం, దగ్గర్నుంచి చూడ్డం కోసం రోడ్డు మీదికే వచ్చి నిలబడ్డారు. వాళ్లను తప్పించబోయి అదుపు తప్పిన ఒక కారు గుంపులోకి దూసుకెళ్లింది, ముగ్గురు చనిపోయారు. వాళ్లూ మనలాగే మంచి చోటు వెతుక్కున్నవాళ్లే.

ఒక కన్ను, ట్రాక్ పక్కన భద్రత చూసే మార్షల్ చేతిలోని జెండా మీద ఉంచండి. పసుపు జెండా ఊగితే ముందు ప్రమాదం ఉందని అర్థం. ఎర్ర జెండా అంటే పందెం ఆగింది. ఎవరైనా పడిపోతే కెమెరా దించండి. ఆ ఇంటివాళ్లు గుంపులోనే ఉంటారు. మార్షల్ "జరగండి" అంటే ఎందుకని అడక్కుండా జరగండి. నాకు దొరికిన మంచి చోట్లలో సగం మార్షల్స్ చూపించినవే. మొదటి రోజు వాళ్ల మాట విన్నాను గనుకే తర్వాత చూపించారు.

రేసు లేని రోజుల్లో

మట్టి రేసులు మన ఊరికి రోజూ రావు. అలవాటు మాత్రం రోజూ చేసుకోవచ్చు. ప్యాట్నీ దగ్గర ఫుట్‌పాత్ మీద, రోడ్డుకు వెనగ్గా నిలబడి మలుపు తిరిగే ఆటోలను చూడండి. ఏ ఆటో ఎక్కడ వాలుతుంది, డ్రైవర్ తల ఎప్పుడు ఇటు తిరుగుతుంది అని గమనించండి. ఆదివారం తెల్లారగట్ల నెక్లెస్ రోడ్డు మీద సైకిళ్లు తొక్కేవాళ్లతో ప్యానింగ్ మొదలుపెట్టండి. సైకిల్ కుదిరాక కొంపల్లిలో రన్‌వే 9కో, శంషాబాద్ వైపు చికేన్ సర్క్యూట్‌కో వెళ్లి, అడిగి, గో-కార్ట్‌ల మీద చేయి తిప్పండి. ఊరెళ్తే ఎడ్ల బండలాగుడు పోటీల దగ్గర నిలబడండి. వేగం తక్కువే గానీ దుమ్ము, జనం, ఎదురెండ, తాడుకు అవతల నిలబడాల్సిన క్రమశిక్షణ అన్నీ అక్కడ ఉన్నవే.

ఈ నెల మీరు చేయాల్సిన పనులు నాలుగు.

1. మీకు దగ్గర్లోని ఏదైనా మైదానానికి వెళ్లి, కెమెరా లేకుండా ఒక చుట్టు నడిచి, బొమ్మ గీయండి. తూర్పు, గాలి, మలుపు, ఎత్తు, చెత్త గుర్తించండి.

2. అదే మైదానానికి ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఐదింటికి వెళ్లి, ఒకే చోట నిలబడి ఒక్కో ఫొటో తీయండి. మూడూ పక్కపక్కన పెట్టి చూడండి.

3. సైకిళ్ల మీద వంద ప్యానింగ్ ఫొటోలు తీయండి. ఐదు కుదిరితే సంతోషించండి. వచ్చే నెల పది కుదురుతాయి.

4. రేసుకు వెళ్లినప్పుడు కనీసం ఒక్క రైడర్‌ను పలకరించి, తర్వాత అతని ఫొటో అతనికి పంపండి. ఖర్చు లేని పని. వచ్చేసారి ప్యాడాక్‌లోకి "రండన్నా" అని పిలిచేది ఆ రైడరే.

ఆ పదకొండు ఫొటోల్లో ఒకటి పెద్దదిగా ప్రింట్ వేయించి, తర్వాతి రేసుకు సంచిలో పెట్టుకుని వెళ్లాను. ట్యాంకర్ వచ్చింది గానీ నడిపేది వేరే మనిషి. పాత డ్రైవర్ ఇంకో పనిలో కుదిరాడట. ఆ ప్రింట్ ఇంకా నా దగ్గరే ఉంది. ఈసారి మీరు రేసుకు వెళితే కెమెరా తీయకముందు ఆ నేల తెలిసినవాళ్లను, ట్యాంకర్ డ్రైవర్నో, మార్షల్‌నో, కంచె పక్కన పల్లీలు అమ్మే మనిషినో ఒక్క మాట అడగండి. "అన్నా, ఇక్కడ దుమ్ము ఎటు పోతుంది?"